చిత్రకారుడు తోట వైకుంఠం బొమ్మల్లో ఆడవాళ్లంతా ఒకేలా ఎందుకుంటారు?

నల్లని మేనిఛాయ, నుదుటి మీద పెద్ద కుంకుమబొట్టు, నిండు రంగుల చీర. తొలిచూపులో అవే కనిపిస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది. వైకుంఠం 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నప్పుడు చూసిన పల్లె ఆడవాళ్లు, ఊళ్లోకొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్లు ఆయన మనసులో ఉండిపోయారు. బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నాక కూడా మళ్లీ ఆ మనుషుల దగ్గరికే వచ్చారు. రంగులూ అక్కడివే: కుంకుమ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. కొన్నింట్లో చిలక కూడా ఉంటుంది.

కాస్త ఆగి చూడండి. కొప్పులో పూలు, ముక్కుపుడక, చీర అంచు, చేతి గాజులు ఎంత ఓపిగ్గా వేశారో! నాకైతే ఆ విశాలమైన కళ్ల దగ్గరే చూపు ఆగిపోతుంది. మా ఇంటి పెద్దమ్మలు గుర్తొస్తారు.