చేత్తో కుట్టిన పత్రికకు సమీక్ష రాయవచ్చా, రాస్తే ఎలా రాయాలి?

స్నేహితురాలు తన జీవితం గురించి చేత్తో రాసి, జిరాక్సు తీసి, తానే కుట్టిన చిన్న పత్రికను మీకు పంపిందనీ, దానికి అచ్చు పుస్తకానికి రాసినట్టు విమర్శ రాయవచ్చా, లేక నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకోవాలా అనీ మీరు అడిగారు. నా సమాధానం స్పష్టమైనది. తప్పకుండా రాయాలి, విమర్శ కూడా చేయాలి. అయితే అచ్చు పుస్తకాన్ని కొలిచే కొలబద్దను దీని దగ్గరకు తీసుకురాకూడదు. నేను కోనసీమలో ఉంటూ, ఇంగ్లీషు వాళ్లు జీన్ (zine) అని పిలిచే ఈ చేతి పత్రికలను చాలాకాలంగా తెప్పించుకుని చదువుతున్నాను, చదివిన ప్రతిదానికీ తయారు చేసినవారికి ఉత్తరం రాస్తున్నాను, కొన్నింటికి సమీక్షలూ రాశాను. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

మొదట దానిని చేతులతో చదవాలి. అక్షరం జోలికి వెళ్లకముందే ఎలా మడిచారో, దేనితో కుట్టారో, కాగితం దళసరిదా పలుచనిదా చూడాలి. ఒకే ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, మధ్యలో ఒక్క కత్తిరింపు వేసి, పిన్నూ దారమూ లేకుండా ఎనిమిది పుటల పుస్తకం చేసే పద్ధతి ఒకటి ఉంది. అలా చేసినప్పుడు కాగితం వెనుక వైపు మొత్తం ఖాళీగా లోపల ఉండిపోతుంది. కొందరు ఆ వెనుక వైపున ఒక పటమో, ఎవరికీ పంపని ఉత్తరమో రాసి ఉంచుతారు. మడత విప్పి చూడని సమీక్షకుడు సగం పత్రికనే చదివినవాడవుతాడు. పుటలు ఎక్కువైతే మధ్య మడత మీద మూడు చిల్లులు పెట్టి కుడతారు. సూది లోపలి నుంచి నడిమి చిల్లులోంచి బయటకు వచ్చి, పై చిల్లులోంచి లోపలికి వెళ్లి, నడిమి చిల్లును దాటి కింది చిల్లులోంచి బయటకు వచ్చి, మళ్లీ నడిమి చిల్లులోంచే లోపలికి చేరుతుంది. అక్కడ నిలువుగా సాగిన దారాన్ని మధ్యలో పెట్టి రెండు కొసలనూ ముడివేస్తారు. ఆ ముడి వదులుగా ఉంటే పత్రిక నాలుగు చేతులు మారేలోపే పుటలు జారిపోతాయి. సమీక్షలో ఈ మాట రాయడం చిన్నతనం కాదు, అది తయారు చేసినవారికి నిజంగా పనికివచ్చే మాట. మా ప్రాంతంలో స్టేప్లర్ పిన్ను గురించి కూడా చెప్పవలసి వస్తుంది. సముద్రపు గాలికీ వానాకాలపు తేమకూ పిన్ను తుప్పు పట్టి, మడత వెంట గోధుమరంగు మరక పాకి, చివరికి కాగితం అక్కడే చిరుగుతుంది. డెల్టాలో ఉండేవారు దారంతో కుట్టుకోవాలని నేను ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉంటాను.

ఇక నేను ఎన్నటికీ మరచిపోలేని ఒక పత్రిక గురించి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. జులై 2022లో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, నది పాయల నడుమ ఉండే లంక గ్రామాలు నీళ్లలో ఉండిపోయాయి, 1986 వరదను చూసిన పెద్దవాళ్లు సైతం భయపడ్డారు. ఆ మరుసటి ఏడాది ఒక లంక గ్రామానికి చెందిన డిగ్రీ చదివే అమ్మాయి, తమ ఇంట్లో ఆ రోజులు ఎలా గడిచాయో పదహారు పుటల్లో రాసి నాకు పంపింది. నల్ల బాల్‌పెన్నుతో రాసిన గుండ్రని అక్షరాలు, అక్కడక్కడ కొట్టివేతలు, కుట్టడానికి పురికొస.

పుటల అడుగున సంఖ్యలు వరుసలో లేవు. మొదటి పుట కింద తొమ్మిది చిల్లర ఉంది, తరువాత పది దాటింది, ఆ తరువాత 11.75 అని ఉంది, ఇంకొంత దూరం వెళ్లాక 13.75, నడిమి పుట దగ్గర 17.75, అక్కడి నుంచి ఇంకా పెరిగి, చివరి పుటలకు వచ్చేసరికి మళ్లీ దిగిపోయాయి. గోదావరి జిల్లాల్లో ఉండేవాడికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆ అమ్మాయి పుటలకు సంఖ్యలు వేయలేదు, గోదావరి మట్టం వేసింది. మూడవ హెచ్చరిక పుటలో మాటలు చాలా తక్కువ. సామాన్లు అటక మీదకు ఎక్కించిన జాబితా ఒకటి, దాని కింద ‘మామ్మ రానంటోంది’ అన్న ఒక్క వాక్యం, అంతే. మామ్మ రానన్నది గేదెను వదలలేక.

అట్ట లోపలి వైపు వాళ్ల ఇంటి గోడ క్యాలెండరులోని జులై పుటకు జిరాక్సు తీసి అంటించింది. ఒక్కొక్క తేదీ గడిలో పాలకేంద్రానికి పోసిన పాల లెక్క పెన్సిలుతో రాసి ఉంది, పొద్దున మూడు, సాయంత్రం రెండున్నర, ఇలా. రెండవ వారం నడుమ నుంచి గళ్లన్నీ ఖాళీ. నెలాఖరున ఒక గడిలో ‘1’ అని మళ్లీ కనిపిస్తుంది. గేదె బతికిందా లేదా అన్న సంగతి పత్రిక మొత్తంలో ఎక్కడా రాయలేదు. ఆ ఒక్క అంకె చూసినవారికే తెలుస్తుంది. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఇదే పత్రికకు వేరొకరు రాసిన సమీక్ష ఒకటి నా కంటపడింది. పుట సంఖ్యలు అస్తవ్యస్తంగా ఉన్నాయనీ, అక్షరదోషాలు ఎక్కువనీ, వ్యావహారికం మితిమీరిందనీ, అట్ట లోపల ఇంటి లెక్కల కాగితం పొరపాటున వచ్చి చేరిందనీ ఆయన రాశారు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. అచ్చు పుస్తకాలకు అలవాటుపడిన కంటితో చూస్తే ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికే ఈ ప్రస్తావన తెచ్చాను. అచ్చు పుస్తకంలో పుట సంఖ్య తప్పితే అది ముద్రాపకుడి తప్పు కావచ్చు. చేతి పత్రికలో ప్రతి గీతా ఒక మనిషి చేయి కదిపి వేసినదే. కాబట్టి వింతగా కనిపించిన ప్రతిదానినీ ముందు ఉద్దేశపూర్వకమని అనుకుని చదవాలి. ఎంత వెదికినా కారణం దొరకనప్పుడు మాత్రమే లోపమని రాయాలి. భాష విషయంలోనూ అంతే. ‘గోదారి’ అని రాసినచోట ‘గోదావరి’ అని దిద్దడం సమీక్ష కాదు, అది బడిలో పరీక్ష కాగితాలు దిద్దడం.

ఇంతమాత్రాన లోపాలు చెప్పకూడదని నా అభిప్రాయం కాదు. ఆ పత్రికలో చివరి మూడు పుటలు పునరావాస కేంద్రం గురించి. అక్కడికి వచ్చేసరికి ఆమె గొంతు మారిపోయి, ‘ప్రజలు తీవ్ర ఇబ్బందులను ఎదుర్కొన్నారు’ వంటి వార్తాపత్రిక వాక్యాలు వచ్చేశాయి, అన్నిటికంటే ముఖ్యంగా మామ్మ కనిపించకుండా పోయింది. నడిమి పుటలో అంత బలంగా నిలబడిన మనిషి ఏమైందో తెలియకుండా పత్రిక ముగియడం పెద్ద లోటని నేను నా సమీక్షలో రాశాను. ఆ అమ్మాయి ఫోన్ చేసి, ‘మీరన్నది నిజమేనండి మాస్టారూ, కానీ అక్కడ జరిగింది రాస్తే ఇంట్లో ఊరుకోరండి’ అంది. ఆమె చెప్పిన కారణం నా దగ్గరే ఉంది, సమీక్షలోకి ఎక్కించలేదు. విమర్శను మాత్రం తీసివేయలేదు, ఎందుకంటే చదివేవారికి ఆ ఖాళీ నిజంగానే తగులుతుంది. తయారు చేసినవారి ఇబ్బంది మనకు తెలిసినంత మాత్రాన పాఠకుడికి కలిగిన అసంతృప్తి లేకుండా పోదు.

వ్యక్తిగత పత్రికలను సమీక్షించేవారు ముఖ్యంగా తెలుసుకోవలసిన విషయం ఇక్కడే ఉంది. ఏ కొద్ది ప్రతులో తీసి, ఎవరెవరికి ఇస్తున్నదీ తెలిసి ఇచ్చిన మనిషి, ఆ నమ్మకంతో ఇంటి గుట్టు రాసి ఉండవచ్చు. మీరు దానిని ఫోన్‌తో ఫొటోలు తీసి నలుగురిలో పెడితే, ఆమె ఎన్నడూ ఊహించని బంధువు చేతికి అది చేరుతుంది. పుటలన్నీ స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంచేవారిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. మంచి ఉద్దేశంతోనే చేస్తున్నామని వారు అంటారు. పురికొసతో కుట్టి, చేత్తో ఇచ్చిన వస్తువును ఇచ్చినవారి అనుమతి లేకుండా లోకానికంతటికీ పంచే హక్కు ఏ మంచి ఉద్దేశం నుంచీ రాదు. సమీక్షలో కూడా పత్రికలోని సంఘటనలన్నీ తిరిగి చెప్పనక్కరలేదు. అది ఎలాంటి పత్రికో, చదివితే ఏమనిపిస్తుందో, ఏ పుట ఎందుకు నిలిచిపోయిందో చెబితే చాలు.

సమీక్ష పని ఏమిటో అమెరికాలో ఒకాయన చాలా ముందే చేసి చూపించాడు. మైక్ గుండర్‌లాయ్ అనే ఆయన 1982లో ‘ఫ్యాక్ట్‌షీట్ ఫైవ్’ అనే పత్రికను మొదలుపెట్టి, దేశం నలుమూలల నుంచీ తనకు వచ్చిన చేతి పత్రికలకు నాలుగైదు వాక్యాల సమీక్షలు రాసి, వెంటనే వాటి ధర, తెప్పించుకోవలసిన చిరునామా వేసేవాడు. దానివల్ల ఎక్కడో ఒంటరిగా కూర్చుని రాసుకుంటున్న మనిషికి ఇంకొక ఊళ్లో పాఠకుడు దొరికేవాడు. నక్షత్రాలు, మార్కులు వేయడంకంటే ఇది వెయ్యి రెట్లు ఉపయోగకరమైన పని. ముప్ఫై ప్రతులున్న పత్రికకు అయిదింటికి మూడు నక్షత్రాలు వేయడంవల్ల ఎవరికి ఏమి తెలుస్తుంది? పత్రిక ఎన్ని పుటలో, చేతిరాతో టైపో, డబ్బు పంపాలా లేక మన పత్రికను బదులుగా పంపితే ఇస్తారా, ఇవి రాయండి. ఇచ్చిపుచ్చుకోవడం ఈ లోకంలో మొదటి నుంచీ ఉన్న మంచి ఆచారం.

మన వాళ్లకు ఇది కొత్తదేమీ కాదని కూడా చెప్పాలి. 1874లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో ‘వివేకవర్ధని’ని మొదలుపెట్టి, తాను నమ్మినది తన ఊరి నుంచే లోకానికి చెప్పాడు. అది అచ్చు పత్రిక, సంఘసంస్కరణ కోసం పుట్టినది, అయినా ఒక మనిషి పూనుకుంటే పత్రిక నడుస్తుందన్న ధైర్యం ఈ నేలకు అప్పటి నుంచే ఉంది. ఆ ధైర్యాన్ని మనం బడుల్లో పోగొట్టుకున్నామని నా గట్టి నమ్మకం. లిఖిత పత్రిక అనగానే తరగతిలో అందమైన చేతిరాత ఉన్న పిల్లవాడిని కూర్చోబెట్టి, ఉపాధ్యాయుడు దిద్ది ఇచ్చిన వ్యాసాలను నకలు రాయించి, వార్షికోత్సవంనాడు అతిథికి చూపించి బీరువాలో పెట్టేస్తారు. ఆ పత్రికలో పిల్లవాడి ఇల్లు ఉండదు, వాడి కాలువ ఉండదు, వాడి కోపం ఉండదు. అందుకే పెద్దయ్యాక కూడా తన గురించి తాను రాసుకుని పంచడమంటే మనవారికి బిడియం. తీరా రాసినవారికి తపాలా ఖర్చు భయం. 2025 సెప్టెంబరులో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశాక, పోకుండా చేరాలంటే పలుచని పుస్తకానికైనా ఆ స్పీడ్ పోస్టు ఖర్చే పెట్టుకోవాలి. నాకు వచ్చే పత్రికలన్నీ ఇప్పుడు మామూలు తపాలాలోనే వస్తున్నాయి, వానాకాలంలో కొన్ని తడిసి వస్తున్నాయి. పంపేవారు కవరు లోపల ఒక ప్లాస్టిక్ సంచి వేస్తే మేలు.

మీ స్నేహితురాలి పత్రిక విషయంలో ఇంకొక చిన్న సంగతి చూడండి. జిరాక్సులో లేత నీలం గీతలు సరిగా పడవు, పెన్సిలు రాత వెలిసిపోతుంది, పుట అంచు దాకా రాసిన అక్షరాలను యంత్రం కత్తిరించేస్తుంది. మీ ప్రతిలో ఎక్కడైనా వాక్యం సగంలో తెగితే, అది ఆమె ఉద్దేశమో యంత్రం చేసినదో అడిగి తెలుసుకోండి. యంత్రం చేసినదైతే, ఈసారి చుట్టూ వేలెడంత ఖాళీ వదిలి నల్ల సిరాతో రాయమని చెప్పండి. తరువాత మీరు రాసిన సమీక్షను ముందు ఆమెకే ఉత్తరంగా పంపించండి. ఏ పుటను గురించి బయట చెప్పవచ్చో, ఏ పేరు తీసివేయాలో, కావలసినవారు ఆమెను ఎలా సంప్రదించాలో ఆమే చెబుతుంది. ఇంటి చిరునామా వేయవద్దంటే ఎవరికైనా కావలసిన ప్రతులు మీ ద్వారా పంపిస్తానని రాయండి, అందుకయ్యే తపాలా బిళ్లల డబ్బు అడిగినవారి దగ్గరే తీసుకోండి.