మీ ప్రశ్నలు – మా జవాబులు: సైరన్ మోగితే ఏం చెయ్యాలి?

ప్రశ్న: అమ్మాయి దగ్గరికని డాలస్ వచ్చాం. మొన్న బుధవారం మధ్యాహ్నం ఒక్కసారిగా ఊరంతా సైరన్లు. గుండె దడదడలాడింది. బాల్కనీలోకి వెళ్లి చూస్తే ఆకాశంలో మబ్బు తునక లేదు, కింద ఎవరూ కదల్లేదు. "టెస్టింగ్‌లే అమ్మా" అంది మా అమ్మాయి. మరి నిజంగా మోగినప్పుడు తెలిసేదెలా? రాత్రి ఏసీ వేసుకుని పడుకుంటే అసలు వినపడుతుందా?
– ఓ పాఠకురాలు, టెక్సాస్

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా. డాలస్‌లో ప్రతి నెలా మొదటి బుధవారం మధ్యాహ్నం 12 గంటలకు సైరన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి మోగిస్తారు. ఆ రోజు వాతావరణం బాగా లేకపోతే మాత్రం జనం కంగారు పడతారని టెస్టు మానేస్తారు. కాబట్టి మొదటి బుధవారం, పన్నెండు గంటలు, మామూలు ఆకాశం, ఈ మూడూ కలిస్తే టెస్టు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా నిజమనే అనుకోండి. టోర్నడోకే (నేలను తాకుతూ సాగే భీకరమైన సుడిగాలికే) కాదు, గంటకు 70 మైళ్లు దాటే గాలులకూ, పెద్ద వడగళ్లకూ కూడా అక్కడ సైరన్ మోగిస్తారు.

రాత్రిపూట వినపడకపోవచ్చు. ఆ సైరన్లు పెట్టిందే ఆరుబయట ఉన్నవాళ్ల కోసం, అంటే పార్కులో పిల్లల్ని ఆడించేవాళ్లకీ వాకింగ్‌కి వెళ్లినవాళ్లకీ "లోపలికి వెళ్లండి, ఏం జరుగుతోందో తెలుసుకోండి" అని చెప్పడానికి. తలుపులు మూసుకుని నిద్రపోయేవాళ్లని లేపుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. ఫోన్లో ఎమర్జెన్సీ అలర్టులు ఆన్‌లో ఉన్నాయో లేదో ఈ రోజే అమ్మాయిచేత చూపించుకోండి. బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో దొరుకుతుంది, హెచ్చరిక రాగానే అర్ధరాత్రైనా దానంతటదే మోగుతుంది, అది ఒకటి కొని మంచం పక్కన పెట్టుకోమని నా సలహా.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది బాల్కనీ. దయచేసి అటు వెళ్లకండి. 2011 మే 22న మిస్సోరీ రాష్ట్రంలోని జాప్లిన్‌లో టోర్నడో 150 మందికి పైగా ప్రాణాలు తీసింది. సైరన్ మొదటిసారి మోగింది సాయంత్రం 5:11కి, టోర్నడో నేల మీదకి దిగింది ఇంకో ఇరవై నిమిషాలు దాటాకే. దాక్కోవడానికి చాలినంత టైముంది. కానీ తర్వాత వాతావరణ శాఖవాళ్లు బతికి బయటపడినవాళ్లతో మాట్లాడితే, చాలామంది మొదటి సైరన్‌కి కదలనే లేదనీ, టీవీ పెట్టుకుని, గుమ్మంలోకి వచ్చి ఆకాశం చూసి, ఇంకేదో గుర్తు కనపడేదాకా ఆగారనీ తేలింది. మోగడం, ఏమీ కాకపోవడం వాళ్లకి అంతగా అలవాటైపోయింది.

మీరు చెయ్యాల్సింది ఇది. డాలస్ ఇళ్లలో చాలావాటికి కింద సెల్లారు ఉండదు గనక, అన్నిటికన్నా కింది అంతస్తులో, కిటికీలు లేని బాత్రూమో క్లాజెట్టో (బట్టలు పెట్టుకునే చిన్న గది) ముందే చూసి పెట్టుకోండి. మీది పై అంతస్తు ఫ్లాట్ అయితే కింద ఉండేవాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి, ఆ టైములో వెళ్లి తలుపు కొట్టడానికి మొహమాటపడకుండా. కాళ్లకి చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, తర్వాత నేలంతా గాజు పెంకులుంటాయి. పిల్లల సైకిల్ హెల్మెట్లు ఉంటే తలకి పెట్టుకోండి. ఇంకొకటి, ప్రమాదం తప్పిందని చెప్పే సైరన్ అక్కడ ఉండదు. మోత ఆగింది కదా అని బయటికి రాకుండా టీవీలోనో ఫోన్లోనో కబురు చూసుకుని అప్పుడు రండి.

ఎందుకు మోగుతోందని 911కి, అంటే అక్కడి అత్యవసర సాయం నంబరుకి, మాత్రం ఫోన్ చెయ్యొద్దు. 2017 ఏప్రిల్ 7 రాత్రి 11:40 ప్రాంతంలో ఎవరో దొంగతనంగా రేడియో సిగ్నల్ పంపి డాలస్‌లోని 156 సైరన్లనీ మోగించారు. ఒంటిగంట దాటాక గానీ వాటి నోరు మూయించలేకపోయారు. ఆ కాసేపట్లో 911కి వేల కాల్స్ వచ్చిపడ్డాయి. గుండెనొప్పితో ఫోన్ చేసినవాళ్లు కూడా ఆ వరసలోనే ఆగాలి కదా.

ప్రశ్న: 2025 మే 7న హైదరాబాద్‌లో మాక్ డ్రిల్ అని సైరన్ వేశారు. ఏ మోత ప్రమాదం, ఏది కాదు?
– డిగ్రీ విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: సివిల్ డిఫెన్స్ (పౌర రక్షణ) పద్ధతిలో ఎక్కుతూ దిగుతూ రెండు నిమిషాలు మోగితే ప్రమాదం. ఎగుడుదిగుడు లేకుండా ఒకే స్థాయిలో రెండు నిమిషాలు మోగితే గండం గడిచినట్టు. ఇంట్లో పెద్దవాళ్లకి రెండూ వినిపించండి.

ప్రశ్న: మా కాలనీ కెమికల్ ఫ్యాక్టరీ గోడని ఆనుకుని ఉంటుంది. షిఫ్టు సైరన్ రోజూ వింటాం. గ్యాస్ లీకైతే ఏది మోగుతుందో ఎవరికీ తెలీదు. అడగడానికి వెళ్తే గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. నిజంగా జరిగితే పరుగెత్తాలా, తలుపులు వేసుకోవాలా?
– ఓ గృహిణి, విశాఖపట్నం

జవాబు: విశాఖ నుంచి ఈ ప్రశ్న ఇంకా వస్తోందంటే కడుపు మండుతోంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదకి వచ్చినప్పుడు జనం నిద్రలో ఉన్నారు. పన్నెండు మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ నొక్కడానికి 36 చోట్ల ఏర్పాటుండి కూడా మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది.

ఏ సంగతీ చెప్పకుండా మిమ్మల్ని గేటు దగ్గరే వెనక్కి పంపడం తప్పు. ప్రమాదకర రసాయనాలపై 1989లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, పెద్ద ప్రమాదం జరిగే వీలున్న ఫ్యాక్టరీ చుట్టుపక్కల జనానికి ఎలాంటి ప్రమాదం రావచ్చో, వస్తే ఏం చెయ్యాలో ముందే చెప్పి తీరాలి. ఫ్యాక్టరీ బయట అమలు చేసే ఎమర్జెన్సీ ప్లాన్ అధికారుల దగ్గర ఉండాలి, దానికి ఏడాదికి ఒక్కసారైనా రిహార్సల్ జరగాలి. మీ కాలనీలో ఎప్పుడైనా జరిగిందా?

పరుగా, తలుపులా అన్నది ఏ గ్యాసో, ఎంత దూరమో బట్టి ఉంటుంది, అందుకే ముందే అడగమంటున్నాను. అధికారులు ఇంట్లోనే ఉండమంటే కిటికీలు మూసి, ఏసీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ముఖ్యంగా కూలర్ ఆపెయ్యండి, కూలర్ బయటి గాలిని లోపలికి లాగుతుంది. తలుపు కింద సందులో తడిబట్ట కుక్కండి. బయటపడమంటే జెండానో పొగనో చూసి గాలి ఎటు వీస్తోందో కనిపెట్టి, గాలితో పాటు కాకుండా దానికి అడ్డంగా, పక్కకి నడవండి. స్టైరీన్ ఆవిరి లాంటివి గాలి కన్నా బరువు, పల్లంలో చేరతాయి. కాబట్టి పల్లపు దారులూ సెల్లారూ వద్దు.

ఒక్కరే వెళ్లకుండా కాలనీ సంఘం పేరుతో కలెక్టరుకీ ఫ్యాక్టరీల శాఖకీ అర్జీ పెట్టండి. ప్రమాదం సైరన్ ఎలా మోగుతుంది, షిఫ్టు సైరన్‌కీ దానికీ తేడా ఏమిటి, ఏ దారిన ఎక్కడికి వెళ్లాలి, ఇవి తెలుగులో రాసి ఇంటింటికీ పంచమని అడగండి. రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే ఆ రసీదు నకలు మాకు పంపండి, వచ్చే సంచికలో అడుగుతాం.