హ్యాండ్‌రెయిళ్ళకు రంగు వేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీ హెచ్‌ఓ సైజు బొమ్మ రైలింజను హ్యాండ్‌రెయిళ్ళకు, అంటే పట్టుకమ్మీలకు, నువ్వే రంగు వేయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పగానే గర్వపడ్డాను. ఆ పని ఏసీ గదిలో, పసిదాని ఉయ్యాల పక్కనే పెట్టుకున్నావని వినేసరికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందుగా గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టు.

ఇంజను పైతొడుగు సాధారణంగా పాలీస్టైరీన్ లేదా ఏబీఎస్ ప్లాస్టిక్, దానికి రంగు ఇట్టే పడుతుంది. వంచినా విరగని హ్యాండ్‌రెయిళ్ళను చాలా మోడళ్ళలో అసిటాల్ అనే వేరే ప్లాస్టిక్‌తో చేస్తారు. డెల్రిన్ అనే పేరుతో అమ్మేది అదే. నూనె లేకుండానే జారుతుంది కనుక దానితో పళ్ళచక్రాలు కూడా చేస్తారు. చామాకు మీద నీటిబొట్టులా రంగు కూడా దాని మీద అంటకుండా ఉండిపోతుంది.

ఈ సంగతి మీ నాన్నకు చెప్పినా వినలేదు. కడిగిన వెంటనే రంగు వేసి, తెల్లారి నిగనిగలాడుతున్న కమ్మీలను చూపించి నన్ను వెక్కిరించారు. తీరా వాటి కాళ్ళను ఇంజను రంధ్రాల్లో దూర్చడానికి వంచేసరికి, వంపు ఉన్న ప్రతిచోటా రంగు పొలుసులుగా లేచింది. తప్పు రంగుదేనని నిందించి, పైన మరో రెండు దళసరి పూతలు వేశారు. పూత మందమైతే వంపుతోపాటు వంగలేదు కనుక ఈసారి పొరలు పొరలుగా ఊడింది. అంత పట్టుదల గల మనిషి ఒక్క రోజు ఆగి పనిచేసి ఉంటే నాకంటే గొప్ప పనివాడయ్యేవారు. నీకూ ఆ పనితనమే వచ్చింది, ఆ తొందర మాత్రం రాకూడదు.

కనుక వంచవలసినవన్నీ ముందే వంచి, ఇంజనుకు అమర్చి సరిచూసుకో. తర్వాత బయటికి తీసి, సన్నని రాపిడి ప్యాడ్‌తో మెరుపు పోయేదాకా రుద్దు. గాలి ఒత్తిడితో సన్నని పొడిని చిమ్మే ఎయిర్ ఇరేజర్ దొరికితే అల్యూమినియం ఆక్సైడ్ పొడి కొట్టడం ఇంకా మేలు, మూలమూలకూ అందుతుంది. మళ్ళీ కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆపైన వట్టి చేతులతో ముట్టుకోకు. రంగు పట్టుకునేందుకు కారు బంపర్లకు ముందుగా వేసే పూత, అడ్హీజన్ ప్రమోటర్‌ను, పలుచగా కొట్టు. అది ముఖ్యంగా పాలీప్రొపిలీన్ అనే బంపర్ ప్లాస్టిక్ కోసం చేసినది, అసిటాల్ మీద దానినే నమ్ముకోకు, రుద్దడం మానకు. భాగాలను కోసి తీశాక మిగిలిన ఫ్రేము ముక్క మీద ముందు అంతా పరీక్షించి, ఆరాక వంచి, టేపు అంటించి లాగి చూడు. ఆ తర్వాతే అక్రిలిక్ రంగు, పలుచని పూతలుగా.

ఆ ప్రమోటర్లలో టోలుయీన్, జైలీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. ఎన్95 మాస్కు ఆవిరిని ఆపదు, ద్రావకాల ఆవిరిని పట్టి ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటరే కావాలి. పని బాల్కనీలో, దేవుడి దీపం కూడా దగ్గర లేకుండా చేయి. పాపను ఆ రోజు మీ అమ్మ దగ్గర ఉంచు.

టేపు లాగిన ముక్క ఫొటో పంపకుండా అసలు భాగాలను ముట్టుకోవద్దు.

ఇట్లు,
మీ మామయ్య