జాతిని బట్టి నొప్పి మందు పనితీరు మారుతుందా?

ఒక్కో ప్రాంత ప్రజల జన్యువులు వేరు కాబట్టి నొప్పి మాత్రలు కూడా వారికి వేర్వేరుగా పనిచేస్తాయా అని అడిగారు. కొన్ని మందుల విషయంలో నిజమే. అయితే మీరు ఏ జనసమూహానికి చెందినవారో తెలిసినంత మాత్రాన ఏ మందు మీకు పనిచేస్తుందో చెప్పడం చాలా సందర్భాల్లో సాధ్యం కాదు. ఈ సంగతి నాకు చదివి తెలిసింది కాదు, అనుభవించి తెలిసింది.

భుజానికి శస్త్రచికిత్స అయ్యాక నాకు కోడీన్ కలిసిన మాత్రలు ఇచ్చారు. వేసుకున్నా, వేసుకోకపోయినా ఒకటే. తగ్గలేదని చెబితే మోతాదు పెంచారు. వికారం మొదలైంది గానీ నొప్పి అలాగే ఉంది. మందు మీద యావతో అడుగుతున్నానేమోనన్న అనుమానం వార్డులో కొందరి మాటల్లో వినిపించింది. అది నన్ను నొప్పి కన్నా ఎక్కువ బాధించింది. అదే మాత్ర అంతకు ముందు మా చెల్లికి పన్ను తీయించుకున్నప్పుడు చక్కగా పనిచేసింది. ఇద్దరం ఒకే తల్లిదండ్రుల పిల్లలం! చివరికి నొప్పి చికిత్స నిపుణురాలు ఒకరు వచ్చి, నేను చెప్పినదంతా విని, కోడీన్ ఆపించి జాగ్రత్తగా కొద్ది మోతాదులో మార్ఫిన్ ఇప్పించారు. ఆ రాత్రి నిద్ర పట్టింది. ఆమె రాయించిన జన్యు పరీక్ష ఫలితం తరువాత వచ్చింది. సీవైపీ2డీ6 అనే జన్యువు నాలో రెండు ప్రతుల్లోనూ పనిచేయడం లేదు.

కోడీన్‌కు స్వతహాగా నొప్పి తగ్గించే శక్తి చాలా తక్కువ. ఈ జన్యువు వల్ల తయారయ్యే ఎంజైము కాలేయంలో దాన్ని కొంత మేరకు, సుమారు ఐదు నుంచి పది శాతం వరకు, మార్ఫిన్‌గా మారుస్తుంది. నొప్పి తగ్గించేది ప్రధానంగా ఆ కాస్త మార్ఫినే. నా కాలేయం ఆ పని చేయలేదు కాబట్టి ఎన్ని మాత్రలు మింగినా ఫలితం లేకపోయింది. నేరుగా మార్ఫిన్ ఇస్తే ఆ మెట్టుతో పనే లేదు. ట్రమడాల్ అనే మరో నొప్పి మందు కూడా చాలావరకు ఇదే ఎంజైము మీద ఆధారపడుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి ఇంకా ప్రమాదకరం. కొందరిలో ఈ జన్యువు అదనపు ప్రతులు ఉంటాయి. వారిలో కోడీన్ చాలా వేగంగా మార్ఫిన్‌గా మారి శ్వాస మందగించవచ్చు. టాన్సిల్స్ తీసిన తరువాత కోడీన్ తీసుకున్న పిల్లల్లో మరణాలు సంభవించడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. 2017లో పన్నెండేళ్ల లోపు పిల్లలకు కోడీన్ ఇవ్వరాదని, నొప్పికి ట్రమడాల్ కూడా ఇవ్వరాదని చెప్పింది. పాలిచ్చే తల్లులు కూడా ఈ రెండు మందులకూ దూరంగా ఉండాలని అప్పుడే సూచించింది.

ఇక జనసమూహాల మాట. నాలాగా ఈ ఎంజైము అసలు పనిచేయనివారు యూరప్ మూలాలవారిలో ఐదు నుంచి పది శాతం వరకు ఉంటారు. తూర్పు ఆసియాలో ఒక శాతం దరిదాపుల్లోనే. అక్కడ ఎంజైమును కొంత మందగింపజేసే మరో రూపం చాలా సాధారణం. అతివేగంగా మార్చేవారు ఉత్తర యూరప్‌లో ఒకటి రెండు శాతం ఉంటే, ఇథియోపియన్లపై జరిగిన ఒక అధ్యయనంలో దాదాపు 29 శాతం కనిపించారు. ఈ అంకెలు చూసి ‘ఆఫ్రికా వారికి ఇలా’ అని తీర్పు చెప్పేవారంటే నాకు కోపం వస్తుంది. మిగతా ప్రపంచమంతటిలో కన్నా ఎక్కువ జన్యు వైవిధ్యం ఆ ఒక్క ఖండంలోనే ఉంది. అక్కడ మరికొన్ని జనసమూహాల్లో ఎంజైమును నెమ్మదింపజేసే రూపాలే విస్తారంగా ఉన్నాయి. 29 శాతం అంటే మిగిలిన 71 శాతం మంది అలాంటివారు కాదని కూడా గుర్తుంచుకోవాలి.

అలాగని పూర్వీకుల మూలాలు అడగడమే తప్పనడం లేదు. ముఖంలో కరెంటు షాకు కొట్టినట్లు వచ్చే ట్రైజెమినల్ నొప్పికి కార్బమజెపిన్ వాడతారు. హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 అనే జన్యురూపం ఉన్నవారికి ఆ మందు వల్ల చర్మం ఊడిపోయే ప్రాణాంతక ప్రతిచర్య రావచ్చు. ఆ రూపం హాన్ చైనీయుల్లో, థాయ్, మలయ్ ప్రజల్లో ఎక్కువ. ఆసియా మూలాలవారికి మందు మొదలుపెట్టే ముందు పరీక్ష చేయాలని 2007 నుంచి సూచనలున్నాయి. ఇక్కడ మూలాల గురించిన ప్రశ్న పరీక్షకు దారి చూపుతుంది. నిర్ణయం మాత్రం పరీక్షదే.

జన్యువుల ముసుగులో పక్షపాతం కూడా చొరబడుతుంది. అమెరికాలో 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో, శ్వేతజాతి వైద్య విద్యార్థులు, శిక్షణలోని వైద్యుల్లో దాదాపు సగం మంది నల్లజాతివారి శరీరం గురించి కనీసం ఒక అబద్ధాన్నైనా నిజమనుకున్నారు. వారి చర్మం మందమన్నది అలాంటి నమ్మకాల్లో ఒకటి. అలా నమ్మినవారు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేసి, చికిత్సను కూడా అంత సరిగా సూచించలేకపోయారు.

మీకు ఏదైనా నొప్పి మందు పనిచేయకపోయినా, కొద్ది మోతాదుకే విపరీతమైన మగత వచ్చినా, మందు పేరు, మోతాదు, ఏం జరిగిందన్నది రాసి ఉంచుకుని తరువాతి వైద్యునికి చూపండి. జన్యు పరీక్ష సీవైపీ2డీ6 వంటి కొన్నింటి సంగతే చెబుతుంది, నొప్పి మొత్తాన్నీ వివరించదు. ఇతర మందుల ప్రభావం కూడా ఉంటుంది. కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటిన్, పారోక్సెటిన్ ఇదే ఎంజైమును అడ్డుకుంటాయి. అవి వాడుతున్నవారికి జన్యువులు బాగానే ఉన్నా కోడీన్ సరిగా పనిచేయకపోవచ్చు. అలాంటప్పుడు కుంగుబాటు మందును సొంతంగా ఆపకండి, నొప్పి మందు రాసే వైద్యునికి ముందే చెప్పండి.