20 మి.మీ. షాఫ్టుకు ఏ బేరింగు? అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

కుషాయిగూడ, హైదరాబాద్

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన డ్రాయింగు అందింది. రాయదుర్గంలో టీ-వర్క్స్‌కు (కొత్త వస్తువుల నమూనాలు చేసుకునే చోటు) వెళ్ళి సీసాలు నింపే యంత్రం సొంతంగా చేసుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. డ్రాయింగు శుభ్రంగా ఉంది, కొలతలన్నీ వేశావు. పేచీ అంతా ఒక్క చోటే. బెల్టు పుల్లీ దగ్గర, తిరిగే బల్ల కింద, సీసాను పక్కకు తోసే చేతి దగ్గర, మూడు చోట్లా షాఫ్టు 20 మి.మీ. ఉంది కాబట్టి మూడు చోట్లా 6804 నంబరు బేరింగు అని రాసేశావు. పక్కనే ‘చిన్నది, ఒకే రకం కొంటే చవక’ అని ఒక ముక్క. చవక సంగతి తర్వాత చూద్దాం. ఆ మూడు చోట్ల పడే బరువుల్లో ఏ రెండూ ఒక్క తీరువి కావు.

నంబరులో చివరి 04 అంటే బోరు, షాఫ్టు దూరే రంధ్రం, 20 మి.మీ. (04 నుంచి పైకి అయిదుతో గుణించుకోవాలి, 00, 01, 02, 03 మాత్రం 10, 12, 15, 17.) దాని ముందున్న అంకె, ఆ బోరు చుట్టూ ఎంత ఉక్కు ఉందో చెబుతుంది. 6804 బయటి వ్యాసం 32, వెడల్పు 7. 6904కు 37, 9. 6004కు 42, 12. 6204కు 47, 14. 6304కు 52, 15. అన్నీ అదే షాఫ్టుకు ఎక్కుతాయి. కానీ తిరిగేటప్పుడు మోసే సామర్థ్యం, అంటే కేటలాగులో ‘సి’ అని రాసే అంకె, 6804కు సుమారు 4 కిలోన్యూటన్లయితే 6204కు సుమారు 13. ఒక కంపెనీకి, ఇంకో కంపెనీకి కొద్దిగా తేడా ఉంటుంది గానీ నిష్పత్తి ఇదే.

మూడు రెట్లే కదా అనుకోకు. బాల్ బేరింగు ఆయుష్షు ఆ సామర్థ్యాన్ని బరువుతో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేస్తే వచ్చే లెక్క, పది లక్షల చుట్లలో. మూడు రెట్ల పైచిలుకు తేడా ఘనంలో ముప్పై రెట్లు దాటుతుంది.

నీ పుల్లీకే వేసి చూద్దాం. మోటారు 5 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) ఇస్తుందని రాశావు. పుల్లీ వ్యాసార్ధం 40 మి.మీ. కాబట్టి బెల్టు లాగే పని బలం 125 న్యూటన్లు. కానీ షాఫ్టు మీద పడేది అది ఒక్కటే కాదు, బెల్టు బిగువు కూడా కలుస్తుంది. వీ-బెల్టుకు రెండు రెట్ల పైన వేసుకోవటం మా అలవాటు, 300 అనుకో. నీ డ్రాయింగులో పుల్లీ ముందు బేరింగుకు 40 మి.మీ. బయటకు వేలాడుతోంది, రెండు బేరింగుల మధ్య దూరం 60. అంటే ముందు బేరింగు మోసేది 300 కాదు, 500. వెనక బేరింగు 200తో హాయిగా ఉంటుంది, అదీ ఎదురు దిక్కులో.

6804కు 500 వేస్తే 4000ను 500తో భాగించగా 8, ఘనం 512. అంటే 51 కోట్ల చుట్లు. నిమిషానికి 1000 చుట్ల వేగంలో సుమారు 8500 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిపితే మూడున్నరేళ్ళు. బాగానే ఉందిగా అంటావు. అప్పుడు బెల్టు జారుతోందని నీ ఆపరేటరు మోటారు బోల్టులు వదులు చేసి, గడ్డపారతో వెనక్కు ఎత్తి, వీణ తీగలా బిగిస్తాడు. ఇది జరుగుతుందా లేదా అన్న అనుమానం పెట్టుకోకు, జరుగుతుంది. బిగువు రెట్టింపయితే బేరింగు మీద 1000. ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు. అయిదారు నెలలు. ఇంకో మాట, ఈ లెక్క వంద బేరింగుల్లో తొంభై దాటే ఆయుష్షు. మిగతా పది అంతకు ముందే పోవచ్చు, పోయేవాటిలో నీది ఉండదని ఎవరూ రాసివ్వరు.

అక్కడ 6004 వెయ్యి. బయటి వ్యాసం పది మి.మీ. పెరుగుతుంది, ఆయుష్షు పది రెట్లకు పైగా పెరుగుతుంది. నీ హౌసింగులో, అంటే బేరింగు కూర్చునే గూటిలో, ఆ చోటు ఉంది, నేను స్కేలు పెట్టి చూశాను. దానికంటే ముందు పుల్లీని లోపలికి జరుపు. 40 బదులు 20 మి.మీ. వేలాడితే ముందు బేరింగు మీద 500 కాస్తా 400 అవుతుంది, పైసా ఖర్చు లేకుండా ఆయుష్షు దాదాపు రెట్టింపు. బేరింగు మార్చే ముందు బరువు పడే చోటు మార్చగలమా అని చూడటం మా కాలపు మెయింటెనెన్సు వాళ్ళకు పిచ్చి. నీకూ ఆ పిచ్చి పడితే మంచిది.

ఇక తిరిగే బల్ల. ఇక్కడ నువ్వు పొరబడింది నంబరులో కాదు, దిక్కులో. పుల్లీ దగ్గర బరువు షాఫ్టుకు అడ్డంగా పడుతుంది, మామూలు బాల్ బేరింగు పుట్టిందే అందుకు. బల్ల కింద బరువు షాఫ్టు వెంట కిందికి దిగుతుంది. మామూలు డీప్ గ్రూవ్ బేరింగు దాన్నీ కొంత మోస్తుంది, ఎందుకంటే గోళీలు గాడి అంచు మీదికి ఎక్కి నిలబడతాయి. ఎంత వరకు? కేటలాగులో ‘సి0’ అని ఇంకో అంకె ఉంటుంది, కదలకుండా ఉన్నప్పుడు ఎంత బరువుకు గోళీ ఉక్కులో శాశ్వతంగా నొక్కు పెడుతుందో దాని కొలత. సన్నరకం బేరింగులకు అందులో పావు వంతుకు మించి నిలువు బరువు పెట్టకూడదు. 62 రకం వాటికి సగం దాకా ఫరవాలేదు. 6804కు సి0 సుమారు 2300. పావు వంతంటే 580 న్యూటన్లు.

బల్ల, సీసాలు కలిపి 30 కిలోలని రాశావు, అంటే 300 న్యూటన్లు. సరే, సరిపోయింది. కానీ ఇరుక్కున్న సీసా తీయటానికి ఎవరో ఒకరు బల్ల అంచు మీద చెయ్యి ఆన్చి వంగుతారు. నలభై కిలోల బరువు అలా పడిందనుకో, మొత్తం 700. హద్దు దాటింది. పైగా ఆ చెయ్యి మధ్యలో ఆనదు, కేంద్రానికి 200 మి.మీ. దూరంలో అంచున ఆనుతుంది. బల్లను పడదోయాలని చూస్తుంది. ఒక్క బేరింగు మీద కూర్చున్న బల్లకు ఈ తిప్పుడు బలాన్ని ఆపే దిక్కే లేదు. రెండు బేరింగులుండాలి, మధ్యలో దూరం ఉండాలి. నీ బల్ల కింద 70 మి.మీ. ఎత్తే ఉంది కాబట్టి కేంద్రాల మధ్య 50 వస్తుంది. 400 న్యూటన్లు 200 మి.మీ. దగ్గర పడితే ఒక్కో బేరింగును పక్కకు తోసే బలం 1600. చేతికి నాలుగు రెట్లు! ఆ బల్ల నిమిషానికి నాలుగైదు చుట్లు తిరుగుతూ, ఆగుతూ ఉండేది, కనుక ఇక్కడ ఆయుష్షు లెక్క వెయ్యక్కర్లేదు, సి0 చూస్తే చాలు. 6804కు 2300లో 1600 అంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. 6204కు సి0 6500 పైన ఉంటుంది, నాలుగు రెట్ల ధీమా. రెండు 6204లు పెట్టు, నిలువు బరువు కింది బేరింగుకు అప్పగించు.

కింద ఒక థ్రస్ట్ బేరింగు వేస్తే ఎలా ఉంటుందని అడిగావు. 51104 అని 35 మి.మీ. వ్యాసం, 10 ఎత్తు ఉన్నది దొరుకుతుంది, నిలువు బరువు చక్కగా మోస్తుంది. అడ్డంగా మాత్రం ఏమీ మోయదు. బరువు ఒక పక్కకు ఒరిగితే ఎదుటి పక్క గోళీలు వదులై ఊగులాడతాయి. నీ బల్లకు అదే జరిగేది. ఇక ఆ క్రాస్డ్ రోలర్ బేరింగు ఫొటో ఎందుకు పంపావో నాకు తెలుసు. అన్ని దిక్కుల బరువూ ఒక్కటే మోస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది. రోబో చేతులకు పెట్టే ఖరీదైన వస్తువు. సీసా మూతిలో గొట్టం దిగటానికి అంత నిక్కచ్చి దేనికి?

అయితే వచ్చే ఏడు ఆ బల్ల మీదే మూతలు బిగించే తల పెడతానన్నావు. అది అంచున ఉన్న సీసాను రోజంతా కిందికి నొక్కుతుంది. అప్పుడు 6204లో ఉండే కొద్దిపాటి ఆట (వదులు) కూడా బల్ల అంచున కనిపిస్తుంది. ఆ రోజున యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల జత, 7204 రకం, వీపుకు వీపు ఆనేట్టు పెట్టాలి. ఒక్కొక్కటి ఒక దిక్కు నిలువు బరువే మోస్తుంది కాబట్టి జత తప్పదు. వీపు ఏదో కనుక్కోవటం కష్టం కాదు. బేరింగును అరచేతిలో పెట్టుకుని బయటి రింగు అంచు మీద వేలు నడుపు. ఒక పక్క అంచు వెడల్పుగా, రెండో పక్క సన్నగా తగులుతుంది. వెడల్పుగా తగిలినదే వీపు. రెండు వీపులూ ఒకదానినొకటి చూస్తే బల్ల ఒరగదు. తిరగేసి పెడితే అదే జత, అదే ఖర్చు, బల్ల మాత్రం ఊగుతుంది. ఒకదానికొకటి అంటించి పెట్టేట్టయితే జతగా వాడేందుకు చేసినవే అడిగి తీసుకో.

సీసాను తోసే చేతికి అసలు బాల్ బేరింగు వద్దు. ఆ చెయ్యి ముప్పై డిగ్రీలు ముందుకు, ముప్పై డిగ్రీలు వెనక్కు, అంతే. పూర్తి చుట్టు ఎన్నడూ తిరగదు. గోళీలు అక్కడక్కడే నలుగుతూ గ్రీజును పక్కకు నెట్టేస్తాయి; కొన్నాళ్ళకు గాడిలో వరుసగా గుంటలు పడతాయి. గన్‌మెటల్ బుష్ (గోళీలు లేని కంచు గొట్టం) వేసి నూనె రంధ్రం పెట్టు, లేదా నూనె పీల్చుకున్న సింటర్డ్ బుష్ కొను. చోటు మరీ తక్కువై బరువు ఎక్కువయితే నీడిల్ బేరింగు ఉంది: 20 మి.మీ. షాఫ్టు మీద బయటి వ్యాసం 26 మాత్రమే. కానీ దానికి లోపలి రింగు ఉండదు, సూదులు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. షాఫ్టు గట్టిపరచి గ్రైండింగు చేయించాలి. మామూలు బ్రైట్ బారు పెడితే షాఫ్టు మీద చారలు పడతాయి.

ఇంతా చెప్పాక 6804 పనికిరానిదని అనుకుంటావేమో. కాదు. తేలికపాటి గైడు రోలర్లకు, ఎన్‌కోడరు (ఎంత తిరిగిందో కొలిచే సాధనం) షాఫ్టుకు భేషుగ్గా ఉంటుంది. దానితో చిక్కు వేరు, కేటలాగులో అది కనిపించదు. దాని రింగు ఎంత పలచగా ఉంటుందంటే, తన గుండ్రదనం తాను కాపాడుకోలేదు. నీ హౌసింగు ఎంత గుండ్రంగా ఉంటే అదీ అంతే. బాలానగర్‌లో టర్నరు నీ పలచని అల్యూమినియం హౌసింగును మూడు దవడల చక్‌లో బిగించి బోరు కొడతాడు. చక్‌లో ఉన్నంతసేపూ బోరు నిక్కచ్చిగా గుండ్రంగానే ఉంటుంది. దవడలు వదలగానే లోహం వెనక్కు సాగి మూడు చోట్ల ఆకారం మారుతుంది. రెండు వైపులే ఆనే కొలత సాధనంతో చూస్తే ఆ తేడా బయటపడకపోవచ్చు. 6804ను అందులోకి నొక్కి చేత్తో మెల్లగా తిప్పి చూడు, చుట్టుకు మూడు చోట్ల బిగుసుకుంటుంది. 6204 లాంటి మందపు రింగు ఇటువంటి తప్పును కొంత ఓర్చుకుంటుంది. సన్నరకం ఓర్చుకోదు. అందుకే చిన్న బేరింగు కొన్నప్పుడు మిగిలిన డబ్బు మంచి మ్యాచినింగుకు పోతుంది. చవక అని రాశావే, ఆ లెక్క ఇది. హౌసింగు గోడ మందం పెంచమని, ఆఖరి కోతకు ముందు దవడల పట్టు వదులు చేయమని టర్నరుకు డ్రాయింగులోనే రాసివ్వు.

షాఫ్టు తిరుగుతుంది కాబట్టి లోపలి రింగు బిగువుగా, బయటి రింగు చేత్తో తోస్తే జరిగేట్టుగా ఉండాలి. డ్రాయింగులో ఆ బిగువు-వదులు గుర్తులుగా షాఫ్టుకు కె5, హౌసింగుకు హెచ్7 రాయి. ‘ఇంకాస్త టైటుగా ఉంటే గట్టిగా ఉంటుందమ్మా’ అంటాడు టర్నరు, వినకు. 20 మి.మీ. బోరు మామూలు బేరింగులో గోళీలకు ఉండే ఖాళీ 5 నుంచి 20 మైక్రాన్లే (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాను). బిగువు ఎక్కువైతే అది మాయమై బేరింగు కాలిపోతుంది. ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఆనే పైపు ముక్క పెట్టి కొట్టాలి. బయటి రింగు మీద కొట్టితే ఆ దెబ్బ గోళీల గుండా పోయి గాడిలో గుంటలు పెడుతుంది, కొత్త బేరింగు మొదటి రోజే గరగరమంటుంది.

కొనటానికి రాణిగంజ్ వెళ్ళు, కంపెనీ అధీకృత డీలరు దగ్గరే కొను, బిల్లు తీసుకో. పెట్టె మీద ముద్ర చూసి నమ్మకు, నకిలీలకూ ముద్ర ఉంటుంది. ఎస్‌కేఎఫ్ వాళ్ళదైతే సరిచూసుకోవటానికి ఫోనులో యాప్ కూడా ఉంది. (మౌలాలీలో హెచ్‌ఎంటీ వాళ్ళు బేరింగులు చేసే రోజుల్లో మన ఊరి సరుకే మన ఊళ్ళో దొరికేది. 2016లో దాన్ని మూసేయాలని కేంద్రం నిర్ణయించింది. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే మనసు అటే లాగుతుంది.) కౌంటరు దగ్గర నంబరు చివర సి3 అని ఉన్నది ఇస్తే వెనక్కు ఇచ్చెయ్యి. అందులో ఖాళీ ఎక్కువ, వేడెక్కే మోటార్లకు బాగుంటుంది, నీ బల్లకు మాత్రం ఊగులాట తెస్తుంది.

ఒక్క సంగతి నువ్వు రాయలేదు. సాయంత్రం యంత్రాన్ని ఎలా కడుగుతారు? గుడ్డతో తుడిచేట్టయితే రేకు మూతల జెడ్‌జెడ్ రకం చాలు, తేలిగ్గా తిరుగుతుంది. పళ్ళరసం ఒలికి దాని మీద పైపుతో నీళ్ళు కొట్టేట్టయితే రబ్బరు సీళ్ళ 2ఆర్ఎస్ కావాలి. అది కొంచెం బరువుగా తిరుగుతుంది, కాబట్టి బల్ల మోటారు లెక్క మళ్ళీ వేసుకోవాలి. నేరుగా జల్లు తగిలితే ఆ సీళ్ళూ ఆగవు, బల్ల కింద గొడుగులా ఒక రేకు అంచు దించాలి. దీనికి జవాబు రాశాకే రాణిగంజ్ వెళ్ళు.

మీ పెదనాన్న