ఊదుతున్నా ఛాతీ లేవడం లేదా?

ప్రశ్న: ప్రథమ చికిత్స శిక్షణలో, ఊపిరి ఆగినవాళ్లకు నోటితో శ్వాస ఇవ్వడం నేర్చుకుంటూ, బొమ్మ నోట్లోకి ఎంత గట్టిగా ఊదినా ఛాతీ లేవలేదు. పెదవుల పక్కనుంచి గాలి పోతోంది. నాకు ఊపిరి చాలకనా?

జవాబు: ఊపిరికేం లోటు ఉండదు. పెద్దవాళ్లకైనా ఒక్కో శ్వాసకు అర లీటరు, మరికాస్త గాలి చాలు. మనం వదిలే ఊపిరిలో ఇంకా 16-17 శాతం ఆక్సిజన్ ఉంటుంది.

తప్పు సాధారణంగా తల వాల్చడంలో జరుగుతుంది. స్పృహ లేని మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. ఒక అరచెయ్యి నుదుటి మీద ఆనించి తల వెనక్కి వాల్చండి. రెండో చేతి వేళ్లతో గడ్డం ఎముకను పైకెత్తండి. ఎముక వదిలేసి కింది మెత్తని చోట నొక్కారో, గాలి దారి మళ్లీ మూసుకుపోతుంది. నుదుటి మీదున్న చేతి వేళ్లతోనే ముక్కు మూసి, మీ నోటితో ఆ నోటిని పూర్తిగా కప్పండి. మీకు గాలి పోతున్నది ఇక్కడే. కట్టుడు పళ్లు గట్టిగా ఉంటే తీయకండి, పెదవులకు అవే ఆసరా.

ఒక్క సెకను ఊది, ఓరకంట ఛాతీ చూడండి. లేచిందా, ఆపేయండి. అది దిగాక రెండోది. గట్టిగా, గబగబా ఊదితే గాలి పొట్టలోకి పోతుంది, వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మీరు మానుకోవాల్సింది ముందు ఈ 'గట్టిగా'నే!

మొదటి శ్వాసకు ఛాతీ లేవకపోతే తల సర్ది రెండోది ఇవ్వండి. అదీ పోకపోతే మూడోదానికి ప్రయత్నించకుండా వెంటనే ఛాతీ మీద 30 నొక్కులకు వెళ్లిపోండి. శ్వాసల కోసం నొక్కడం 10 సెకన్లకు మించి ఆగకూడదు. మళ్లీ శ్వాస ఇచ్చేముందు నోట్లోకి చూడండి. కనిపించిన వస్తువునే తీయాలి. గుడ్డిగా వేలు పెట్టి కెలికితే అది ఇంకా లోపలికి పోతుంది.

ప్రశ్న: ఏడాది లోపు బిడ్డకూ ఇంతేనా?

జవాబు: కాదు. తల వెనక్కి బాగా వాల్చేస్తే పసిబిడ్డకు దారి మూసుకుపోవచ్చు. ముఖం తిన్నగా పైకి చూసేలా ఉంచి గడ్డం కొద్దిగా ఎత్తండి. నోరూ ముక్కూ కలిపి మీ నోటితో కప్పండి. మీ బుగ్గల్లో పట్టే గాలి చాలు.

ప్రశ్న: కొత్తవాళ్ల నోటికి నోరు ఆనించడానికి మనసొప్పకపోతే?

జవాబు: అంబులెన్సుకు ఫోన్ చేసి, నిమిషానికి 100-120 చొప్పున ఛాతీ నొక్కుతూనే ఉండండి. ఉన్నట్టుండి కుప్పకూలిన పెద్దవాళ్లకు అదీ మేలే. నీట మునిగినవాళ్లకు, పిల్లలకు మాత్రం ముందు కొరవడేది ఊపిరే కాబట్టి, వీలైతే శ్వాస మానకండి.