జనవరిలోనూ బడి నడిచే ఊరు

"అక్కా, మేం నలుగురం ఇటలీలో, మిలన్‌లో చదువుకుంటున్నాం. వచ్చి నాలుగు నెలలయింది. జనవరిలో వారం సెలవులున్నాయి. సముద్రం ఒడ్డున చింక్వె తెర్రె అనే అయిదు ఊళ్లను ఒక్క రోజులో చూసి రావచ్చని సీనియర్లు అంటున్నారు. గది అద్దె వేసవిలో ఉన్నదానిలో సగం కూడా లేదు. చలికాలంలో అక్కడ ఏమీ ఉండదని మా ఇంటి యజమాని అంటున్నాడు. ఎవరి మాట వినాలి?"

ఇద్దరి మాటా కొంచెం కొంచెం వినండి. వెళ్లండి, కాని ఆ అయిదు ఊళ్ల జాబితా ఇంట్లో వదిలేసి వెళ్లండి. ఒక్క రోజులో అయిదు ఊళ్లు చూడటమంటే అయిదు రైల్వే ప్లాట్‌ఫారాలు చూడటమే. వేసవిలో ఆ ఊళ్ల మధ్య పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక రైలు తిరుగుతుంది కాబట్టి ఆ పరుగు ఎలాగో సాగుతుంది. చలికాలంలో గంటకొకటి వస్తే అదే గొప్ప. పైగా సాయంత్రం అయిదయ్యేసరికి పొద్దు గుంకేస్తుంది. లెక్క మీరే వేసుకోండి.

నేను పుట్టింది అమలాపురం దగ్గర. ఈ తీరంలోనే ఉన్న జెనోవా నగరానికి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. మొదటి చలికాలం మేమూ మీలాగే ఒక వేసవి ఫొటో చూసి చిన్న ఊళ్లో ఇల్లు తీసుకున్నాం. ఊరి పేరు చెప్పను, దాని తప్పేమీ లేదు. జనవరి రెండో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి రైలు దిగాం. ఒక్క తలుపూ తెరిచి లేదు. హోటళ్లన్నింటి మీదా 'క్యూజో పెర్ ఫెరియె' అని చేత్తో రాసిన కాగితం. క్యూజో అంటే మూసివేత అని అప్పటికే తెలుసు. ఫెరియె అంటే ఫెర్రీ, అంటే పడవ అనుకున్నాను. పడవ ఆగిపోతే భోజన హోటలు ఎందుకు మూస్తారని మా వారిని అడిగాను. ఆయనకూ తెలియదు, అయినా ఎంతో తెలిసినట్టు, "సరుకులు పడవలో వస్తాయేమో" అన్నారు. ఫెరియె అంటే సెలవులని మర్నాడు తెలిసింది. వసంతం నుంచి అక్టోబరు దాకా ఊపిరి సలపకుండా పనిచేసినవాళ్లు జనవరి, ఫిబ్రవరిలోనే తమ సెలవు తీసుకుంటారు. జనవరి 6న బెఫానా పండగ. అప్పటిదాకా చాలా దుకాణాలు ఓపిక పట్టి, ఆ మర్నాటి నుంచి షట్టర్లు దించేస్తాయి. మీ వారం సెలవు ఆ తేదీకి ముందు పడుతుందో, తర్వాత పడుతుందో చూసుకోండి. రెండూ వేరు వేరు ప్రయాణాలు.

అసలు కథ ఆ రాత్రి ఇంట్లో జరిగింది. ఈ తీరంలో వేసవి అద్దెకిచ్చే ఇళ్లలో చాలావాటికి గట్టి రాతి గోడలుంటాయి, చెప్పుకోదగ్గ హీటింగు ఉండదు. జూలైలో చల్లగా హాయిగా ఉండే ఆ గోడలు జనవరిలో మంచుగడ్డల్లా తగులుతాయి. బయట ఎనిమిది, పది డిగ్రీలే కదా, మిలన్ కంటే నయమే కదా అనుకుంటాం. బయట నయమే, లోపల కాదు. మూలన ఒక కరెంటు హీటరు ఉంది. దాన్ని పెట్టాం, స్నానానికి గీజరు వేశాం, నేను రైస్ కుక్కర్ మీట నొక్కాను. ఇల్లంతా చీకటి.

ఇక్కడి ఇళ్లకు సాధారణంగా ఉండే కరెంటు కనెక్షన్ 3 కిలోవాట్లే. హీటరు 2,000 వాట్లు, గీజరు 1,200, మన కుక్కర్ ఒక 700. మూడూ కలిస్తే మీటరు ఊరుకోదు. పైగా ఆ మీటరు మీ వాటాలో ఉండదు, మెట్లన్నీ దిగితే కింద గోడకు బీరువాలాంటి పెట్టెలో ఉంటుంది. కింది వాటాలో ఉండే పెద్దావిడ టార్చిలైటు పట్టుకొచ్చి మీట చూపించింది. చూపిస్తూ మమ్మల్ని తిట్టింది కూడా. హీటరైనా పెట్టుకో, వంటైనా చేసుకో, రెండూ కావాలంటే కుదరదని ఆవిడ సారాంశం. అప్పటికి భాష రాకపోయినా ఆ ముక్క మాత్రం పూర్తిగా అర్థమయింది.

అందుకే గది తీసుకునే ముందు ఫోను చేసి ఒక్క ప్రశ్న అడగండి: "చే ఇల్ రిస్కల్దమెంతో?" అంటే హీటింగు ఉందా అని. ఉందంటే, గంటల లెక్క అడగండి. జెనోవా, లా స్పెత్సియా వైపు ఇళ్ల హీటింగు మామూలుగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకు 12 గంటలకు మించి వేయకూడదని నిబంధన. మీ మిలన్‌లో అక్టోబరు 15 నుంచే, 14 గంటలు. ఆ తేడాకు ఒక స్వెటరు అదనంగా పెట్టుకోండి.

ఆ దెబ్బ తర్వాత ఊరు ఎంచుకోవడానికి నేనొక కొలత పెట్టుకున్నాను. జనవరిలోనూ బడి నడుస్తోందా? బడి ఉందంటే పిల్లలున్నారు. పిల్లలున్నారంటే పొద్దున్నే రొట్టె కాల్చేవాడు ఉన్నాడు, మందుల షాపు ఉంది, కాఫీ ఇచ్చే బార్ ఉంది, మంగలి ఉన్నాడు. వచ్చిపోయేవాళ్ల మీద మాత్రమే బతికే ఊళ్లో ఇవేవీ ఉండవు. చింక్వె తెర్రెలో వెర్నాత్సా, కొర్నీల్య లాంటివి మరీ చిన్నవి. కొర్నీల్యలో రెండు, మూడు వందల మందికి మించి ఉండరు. మీకు అయిదు ఊళ్లే చూడాలని పట్టుదల ఉంటే పక్కనున్న లెవాంతోలో దిగి బస చేయండి. అది నిజమైన ఊరు. అక్కడి నుంచి ఆ అయిదింటిలో ఒకటైన మోంతెరోస్సోకు రైలులో అయిదారు నిమిషాలు. ఒక పూటకు ఒక ఊరు, అంతే.

నన్నడిగితే మాత్రం కమోల్యికి వెళ్లమంటాను. జెనోవా బ్రిన్యోలె స్టేషన్ నుంచి లోకల్ రైలులో ముప్పావు గంట లోపే. అయిదు వేల మంది ఉండే ఊరు. సముద్రానికి ఎదురుగా ఆరేడు అంతస్తుల రంగు రంగుల ఇళ్లు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి. కిటికీలు లెక్కపెట్టబోతే మోసపోతారు, వాటిలో కొన్ని నిజం కావు, గోడ మీద నీడలతో సహా గీసిన బొమ్మలు. జనవరి ఉదయం ఆ రేవులో కూర్చుంటే జాలరులు వలలు బాగుచేసుకుంటూ కనిపిస్తారు. వేసవిలో అదే చోట ఐస్‌క్రీమ్ కోసం బారులు ఉంటాయి. ఈ ఊరి జాలరులు ఏటా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రంలో 'తొన్నారెల్లా' అనే స్థిరమైన వల కడతారు. దాన్ని దేనితో అల్లుతారో తెలుసా? కొబ్బరి పీచుతో! నైలాను వచ్చి ఇన్నేళ్లయినా కొబ్బరి పీచే. ఆ సంగతి తెలిసిన రోజు కోనసీమ పిల్లగా నాకెంత గర్వమో. మా వారు మాత్రం ఆ పీచు మీ మేనమామ తోటలోది కాదులే అన్నారు.

కమోల్యి నుంచి అందరూ సాన్ ఫ్రుత్తువోజో వెళ్దామంటారు. కొండల మధ్య చిన్న తీరంలో పాత మఠం. దానికి రోడ్డు లేదు. పడవలో వెళ్లాలి, లేదంటే నడవాలి. ఇక్కడ జాగ్రత్త. చలికాలంలో పడవలు తగ్గిపోతాయి, సముద్రం కాస్త పొంగితే ఉన్నవీ ఆగిపోతాయి. కొత్తగా వచ్చిన మన పిల్లలు కొండ మీదుగా రెండున్నర, మూడు గంటలు నడిచి దిగి, తిరిగి పడవలో వద్దామనుకుంటారు. పడవ రాదు. మళ్లీ అదే కొండ ఎక్కాలి, అప్పటికి చీకటి పడుతుంది. పడవ తిరుగుతోందని రేవులో అడిగి నిర్ధారించుకున్నాకే కాలు కదపండి. తిరుగు పడవ వేళ కూడా అడగండి.

సముద్రం పొంగడం గురించి ఒక మాట. దాన్ని ఇక్కడ 'మరెజాతా' అంటారు. అలలు రేవు గోడ మీదుగా లేచి పడుతుంటే చూడటానికి అద్భుతమే. చూడండి, కాని పై వీధి నుంచి చూడండి. ఫొటో కోసం రాతి కట్ట చివరిదాకా వెళ్లే సాహసం వద్దు. తుపానంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

వాన సంగతి అంతకంటే ముఖ్యం. ఈ తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఎక్కువ వర్షం. 2011 అక్టోబరు 25న కొన్ని గంటల వానకు వెర్నాత్సా, మోంతెరోస్సో వీధులు బురదతో, రాళ్లతో నిండి ఇళ్ల కింది అంతస్తులు పూడిపోయాయి. అప్పటి నుంచి ఎవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. వాతావరణ హెచ్చరికను 'అల్లెర్తా' అంటారు. పసుపు, నారింజ, ఎరుపు అని మూడు రంగులు. రంగును బట్టి కొండదారులు మూసేస్తారు. ఎరుపు అయితే బడి కూడా మూస్తారు. ఆకాశం నీలంగానే ఉంది కదా అని తాడు దాటి నడవకండి. మెట్ల పొలాలను ఆపుతున్నవి సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతి గోడలు. నానితే జారతాయి. అదే వాన వెలిసి ఉత్తరపు గాలి 'త్రమొంతానా' తిరిగితే మాత్రం మీ అదృష్టం. గాలి ఎంత తేటగా ఉంటుందంటే, కొన్ని రోజుల్లో దూరాన కోర్సికా ద్వీపపు కొండలు కనిపిస్తాయి. వేసవి మసకలో ఆ దృశ్యం దొరకదు.

తిండి విషయంలో దిగులు పడకండి. ఫరినాతా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి నానబెట్టి, పెద్ద రాగి పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. మిరియాల పొడి చల్లుకుంటే మన అట్టు వరసే. ఆలివ్ నూనె వేసి కాల్చే బల్లపరుపు రొట్టె ఫొకాచ్చా ఉదయం ఏడింటికే దొరుకుతుంది. శాకాహారులకు రెండు హెచ్చరికలు: 'అచ్చూగె' అని కనిపిస్తే అవి చిన్న చేపలు. ఇక ఊరంతా మెచ్చుకునే పెస్తో అనే ఆకు పచ్చడిలో సాధారణంగా పర్మిజాన్ చీజ్ ఉంటుంది. దాని తయారీలో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసే పదార్థం వాడతారు. నిష్ఠగా ఉండేవారు తెలిసి నిర్ణయించుకోండి. కమోల్యి మిఠాయి అని పెద్దవాళ్లకు కొనిచ్చే 'కమొల్యేజి'లో రమ్ము ఉంటుంది, తర్వాత నన్ననకండి. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటగది మూస్తారు, మళ్లీ ఏడున్నరకే. పచారీ కొట్టు కూడా మధ్యాహ్నం నిద్రపోతుంది. మ్యాప్‌లో చూపించే వేళల్ని నమ్మకుండా ఫోనులో "సియేతె అపెర్తి?" అని, అంటే తెరిచే ఉన్నారా అని అడగండి. దుకాణంలోకి వెళ్లగానే ముందు బొంజోర్నో చెప్పండి. చలికాలంలో ఆ కొట్లో మీరొక్కరే బయటివారు. పలకరించకుండా అరల వైపు వెళ్తే ఇంట్లోకి చొరబడ్డట్టే ఉంటుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. బస చేసే ప్రతి చోటా పాస్‌పోర్టు అడిగి వివరాలు నమోదు చేస్తారు. ఫోనులో ఫొటో చాలదు, అసలుది పట్టుకెళ్లండి. పెర్మెస్సో కార్డు, అంటే నివాస అనుమతి కార్డు, ఇంకా రాకపోతే దాని దరఖాస్తుకు ఇచ్చిన పోస్టాఫీసు రసీదు కూడా. ఇటలీ లోపల తిరగడానికి అవి చాలు. కాని ఇదే తీరం వెంట పడమర వైపు వెళ్తే వెంతిమిల్య దాటగానే ఫ్రాన్సు. సరదాగా నీస్ దాకా వెళ్దామనిపిస్తే ముందు మీ వీసా గడువు చూసుకోండి. ఉత్త రసీదుతో సరిహద్దు దాటకండి, ఆ రైళ్లలో తనిఖీలుంటాయి. లోకల్ రైలుకు కాగితం టికెట్టు కొంటే, ఎక్కే ముందు స్టేషన్‌లో యంత్రంలో ముద్ర వేయించాలి. కొన్నాం కదా అంటే జరిమానా తప్పదు. నేను కట్టాను.

ఇదే వారం టొరీనో నుంచి ఒక చెల్లెలు కూడా అడిగింది: అత్తగారు, మామగారు జనవరిలో వస్తున్నారు, మామగారికి మోకాళ్ల నొప్పులు, సముద్రం చూపించాలి, ఎక్కడికి? అమ్మా, కొర్నీల్య పేరెత్తకు. స్టేషన్ నుంచి ఊళ్లోకి 380 పైచిలుకు మెట్లు. నేను మెచ్చుకున్న కమోల్యిలో కూడా స్టేషన్ నుంచి రేవులోకి మెట్లే. వాళ్లను నేర్వికి తీసుకురా. జెనోవాలో భాగమే, రైలు దిగితే సముద్రం పక్కనే దాదాపు రెండు కిలోమీటర్ల చదునైన నడక దారి, మధ్య మధ్య బల్లలు. పంతొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాది దేశాల ధనికులు ఈ తీరానికి వచ్చింది చలికాలంలోనే, ఎండ కోసం. అప్పట్లో ఇదే అసలు సీజన్. సముద్రస్నానాల మోజు వచ్చాక క్యాలెండరు తిరగబడింది. మామగారిని ఉదయం పదకొండుకు దక్షిణపు ఎండలో కూర్చోబెట్టు, శాలువా తీసేస్తారు. మధ్యాహ్నం మూడున్నరకు మళ్లీ కప్పు.

మిలన్ తమ్ముళ్లూ, మీకు చివరిగా ఒకటి. జెనోవా దాటాక రైలులో కుడివైపు కూర్చోండి. సొరంగం, వెంటనే సముద్రం, మళ్లీ సొరంగం. ఫోను తీసి గురిపెట్టేలోపు చీకటి అవుతుంది కాబట్టి, ఊరికే చూడండి.